పాలమూరు వలస సాహిత్యంలో శ్రామిక స్త్రీ: కన్నీటికి ఆవల

ప్రస్తావన:

2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. జిల్లాల పేర్లు మారినా, ఈ ప్రాంతం నుండి వలసవెళ్ళిన శ్రామికులకు స్థిరపడిన పేరు 'పాలమూరు లేబర్'. ఆనకట్టలు కట్టి, కాలువలు తవ్విన ఆ శ్రామికుల్లో స్త్రీలూ ఉన్నారు. ఆ పేరులో మాత్రం వారి ఉనికి వినిపించదు. వలసను చిత్రించే సాహిత్యం, దానిపై వచ్చే విమర్శ ఈ లోటును ఎంతవరకు పూరించాయన్నది ఇక్కడ పరిశీలనాంశం.

ఊరి వైపు నుండి చూపు:

నాగర్‌కర్నూలు ప్రాంతానికి చెందిన గోరటి వెంకన్న రచించిన 'పల్లె కన్నీరు పెడుతుందో' పాట 'కుబుసం' (2002) చిత్రం ద్వారా విస్తృత ప్రచారం పొందింది. చేతివృత్తుల పతనాన్ని అంత బలంగా పలికిన పాటలు అరుదు. అందులో దుఃఖానికి కేంద్రం ఊరు. ఊరు ఏం కోల్పోయిందో ఆ పాట చెబుతుంది. ఊరు విడిచినవారు చేరిన చోటు దాని వస్తువు కాదు. అది పాటలోని లోపమూ కాదు. అయితే వలస సాహిత్యాన్నంతా ఈ చూపుతోనే చదివినప్పుడు స్త్రీ రెండు రూపాలకే పరిమితమవుతుంది. ఒకటి ఇంటివద్ద ఎదురుచూసే తల్లి. రెండవది బిడ్డను చంకనెత్తుకొని ఊరు దాటే దీనురాలు.

పనిస్థలం వైపు నుండి చూపు:

గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు ఆలుమగలిద్దరూ కట్టుబడేవారు. పనిస్థలానికి చేరాక గుడిసె నిలబెట్టుకోవడం, మూడు రాళ్ళ పొయ్యి పెట్టడం, నీటి జాడ వెతకడం స్త్రీ మొదటి పనులు. కూలిపనికి ముందు, తరువాత కూడా ఆమె పని సాగుతుంది. కాన్పులు, పసిబిడ్డల పోషణ కూడా అక్కడే. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం (1979) వసతి, వైద్యం, విస్థాపన భత్యం వంటి అవసరాలను గుర్తించింది. చట్టం పేర్కొన్న ఈ అవసరాల వెనుక ఉన్న అనుభవం సాహిత్య విమర్శకూ ఆధారమే.

అమెరికా సరిహద్దు ప్రాంతాల్లో తొలి నివాసాలు ఏర్పరచుకున్న స్త్రీల కథను లారా ఇంగాల్స్ వైల్డర్ నవలలు ప్రసిద్ధం చేశాయి. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం షరతులకు లోబడి 160 ఎకరాల వరకు భూమిపై హక్కునిచ్చింది. ఒంటరి స్త్రీలూ దానికి అర్హులే. మూలవాసులను తొలగించిన నేలపైనే ఈ హక్కు నిలిచిందన్నది మరువరాదు. అయినా అక్కడి స్త్రీ కష్టం 'నిర్మాణం'గా చరిత్రకెక్కింది. పాలమూరు స్త్రీ కూడా మనిషి నివాసం లేని చోట ఇల్లు నిలిపింది. పని ముగియగానే గుడిసె విప్పి మరో చోటికి కదిలింది. ఆమె కట్టిన ఆనకట్ట మిగిలింది, గుడిసె జాడ మిగలలేదు. నేలపై హక్కు మిగలని కష్టం 'జాలి'గా మాత్రమే నమోదైంది.

ముగింపు:

కన్నీటిని తక్కువ చేయడం ఈ విశ్లేషణ ఉద్దేశం కాదు. కన్నీటితో ఆగిన పఠనం స్త్రీ నైపుణ్యాన్ని, నిర్ణయాలను, శ్రమను కనుమరుగు చేస్తుంది. నాగార్జునసాగర్ (1955-67) నాటి తరం వృద్ధాప్యానికి చేరింది. ఆ తరం స్త్రీల మౌఖిక కథనాలను సేకరించి, వలస పాటల పక్కన ఉంచి చదవడం పరిశోధకుల తక్షణ బాధ్యత. ఆలస్యమైతే మిగిలేది ఊరి దుఃఖమే. ఊరు దాటి ఆమె నిలిపిన జీవితం కాదు.