‘మెట్ట’కు ఆంగ్ల నిర్వచనం చాలునా? – వర్డ్‌నెట్ వినియోగం: ఒక పరిశీలన

ఆంగ్ల పదార్థాలను యంత్రానికి అందించే వనరులలో వర్డ్‌నెట్ ముఖ్యమైనది. జార్జ్ మిల్లర్ నేతృత్వంలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో 1985లో మొదలైన ఈ నిఘంటువు పదాలను అకారాదిక్రమంలో కాక, పర్యాయ సముదాయాలుగా కూర్చింది. 3.0 కూర్పులో ఆ సముదాయాలు 1,17,659. పైథాన్‌లోని ఎన్‌ఎల్‌టీకే లైబ్రరీ ద్వారా ఏ పదానికైనా నిర్వచనం, పర్యాయాలు, జాతివాచకం క్షణంలో లభిస్తాయి. మాండలిక పదాలకు ఆంగ్లార్థం జోడించే పరిశోధకుడు దీనిని ఆశ్రయించడం సహజం. ఆ ఆశ్రయానికి గల పరిమితిని జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల వాడుక స్పష్టం చేస్తుంది.

2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతాలు కృష్ణాజిల్లా మెట్టగా ప్రసిద్ధం. ‘మెట్ట’కు సమానార్థకంగా తీసుకొనే ‘అప్‌లాండ్’ను వర్డ్‌నెట్ ‘హైలాండ్’తో ఒకే సముదాయంలో చేర్చి, పర్వతమయమైన ప్రదేశాన్ని ఉదాహరణగా చూపి, ఎత్తైన నేలగా నిర్వచించింది. ‘మెట్ట’లో ఎత్తు అనే భావం లేకపోలేదు. కాని రైతు వ్యవహారంలో దాని ప్రతియోగి లోయ కాదు, మాగాణి. ఇక్కడ అర్థాన్ని నిర్ణయించేది ఎత్తు కంటే నీరు. అలాగని ‘వర్షాధార భూమి’ అన్నా సరిపోదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఈ ప్రాంతానికి వచ్చిన తరువాత కూడా మెట్ట అనే పేరు నిలిచింది. అంటే ఆ పదంలో నేల స్వభావంతోపాటు ప్రాంత చరిత్ర కూడా ఇమిడి ఉంది.

‘కల్లం’ విషయమూ ఇటువంటిదే. ఆంగ్ల నిర్వచనం ధాన్యం నూర్చే చోటు వద్ద ఆగిపోతుంది. మిరప పండే ఈ సీమలో కాయలు ఆరబోసే చోటు కూడా కల్లమే. అక్కడ నూర్పిడి ప్రసక్తే లేదు.

ఈ లోపం వర్డ్‌నెట్‌ది కాదు. అది ఆంగ్ల భాషను వర్ణించడానికి పుట్టింది. దాని అర్థవిభజనను తెలుగుకు యథాతథంగా తొడగడమే దోషం. ఇండోవర్డ్‌నెట్‌లోని తెలుగు భాగం కూడా ప్రధానంగా హిందీ వర్డ్‌నెట్ భావనలకు తెలుగు పదాలను జతచేసే విస్తరణ పద్ధతిలో రూపొందింది. మూలభాష మారినా చిక్కు మిగిలే ఉంది: పరాయి భావనల పట్టికలో లేని తెలుగు భావనకు చోటు దొరకదు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం ఇందుకు భిన్నమైన మార్గం చూపింది. అది రైతుల నోటి నుండే పదాలను సేకరించింది. ఆ క్రమంలో ముందు వాడుకను, ప్రాంతాన్ని, ప్రతియోగి పదాన్ని నమోదు చేసి, ఆ తరువాతే ఆంగ్ల సముదాయంతో ముడిపెట్టడం శాస్త్రీయం. లేకుంటే ‘మెట్ట’ను కొండగా చదివే యంత్రం ఆ పొరపాటునే రేపటి పరిశోధనకు ప్రమాణంగా అందిస్తుంది.