వ్యాఖ్యాత గాంభీర్యము – ప్రమాణ నిర్ణయము

దూరదర్శన వర్తమాన విషయ కార్యక్రమముల ప్రమాణము క్షీణించినదని వాదించువారు తఱచుగా వ్యాఖ్యాతనే కొలబద్దగా గ్రహించుచున్నారు. 1953లో ఆరంభమైన బి.బి.సి. వారి ‘పనోరమా’ను పరిశీలింతము. 1955 మొదలుకొని దానిని నడపిన రిచర్డ్ డింబుల్బీ కంఠగాంభీర్యము ప్రసిద్ధము. 2007లో జెరెమీ వైన్ చేతికి వచ్చునప్పటికి అది అరగంటకు కుదించుకొనిపోయినది. ఇంతమాత్రముచే పతనమును నిర్ణయించుట తొందరపాటు.

1957 ఏప్రిల్ 1వ తేదీన స్విట్జర్లాండులో స్పగెటీ (మన సేమియా వంటి పిండివంటయే) చెట్లకు కాయుచున్నదని డింబుల్బీ వర్ణింపగా పలువురు నమ్మిరి. చెట్టు పెంచు విధానమును అడిగినవారును కలరు! పరిహాసమే యైనను, విశ్వాసము ఆధారముపై గాక కంఠముపై నిలిచెననుటకు ఇది చాలును.

1995లో అదే కార్యక్రమమున మార్టిన్ బషీర్ డయానాతో జరిపిన సంభాషణమున ప్రశ్నలు మృదువైనవి, తీరు మర్యాద గలది. కాని దానిని సాధించు యత్నములో ఆమె సోదరునకు కూట బ్యాంకు పత్రములు చూపబడెనని 2021లో డైసన్ విచారణ తేల్చెను. 1996లో సంస్థ తానే విచారించి బషీరును సత్యవంతునిగా నెంచుట నాకు మఱింత గర్హ్యముగా దోచును. కావున పరిశోధకుడు మొదట అడుగవలసినది, ఎవరు పలికిరని కాదు, ఎవరు సరిచూచిరని. ఆ పత్రములను రూపొందించిన చిత్రకారుడు శంకించి పైవారికి తెలిపెను. వారు అతనికే పని లేకుండ జేసిరి.