తేలు రేవు విడిభాగములు: ఆరొమాంష్ కట్టడముపై ఒక విమర్శ

రెండవ ప్రపంచ యుద్ధమున నార్మండీ తీరమునందు కట్టిన మల్బరీ రేవులను గూర్చి వ్రాసిన వ్యాసములు, గ్రంథములు పెక్కు కలవు. వానిలో అధిక భాగము ఒకే వస్తువును పొగడును: ఫీనిక్సు అను పేరుగల కాంక్రీటు పెట్టెలను. ఐదంతస్తుల మేడ యెత్తు, పెద్దవి ఒక్కొక్కటి సుమారు 6,000 టన్నుల బరువు, అట్టివి నూట నలుబదికి పైగా సముద్రము దాటించి ముంచి, అలలకు అడ్డుగోడ కట్టిరి. ఆరొమాంష్ గ్రామము ఎదుట నేటికిని కొన్ని కనబడుచున్నవి గనుక ఛాయాచిత్రములకు అనుకూలముగా నుండును. పరిమాణమున గొప్పది బుద్ధియందును గొప్పదని మనము తేలికగా నమ్ముదుము. కాని ఇంజనీరింగు దృష్టితో చూచినచో ఆ రేవులో చదువదగిన భాగము ఆ గోడ కాదు. గోడ చాటున ఓడ నుండి ఒడ్డు వరకు పరచిన తేలు వంతెన. దానికి ‘వేల్’, అనగా తిమింగలము, అని రహస్యనామము పెట్టిరి. పేరునకు తిమింగలమే గాని, దాని గొప్పతనమంతయు తేలికదనమునందే కలదు.

సమస్య యెట్టిదో మొదట చూతము. నర్సాపురము వద్ద వశిష్ఠ గోదావరి దాటించు పంటు మీదికి లారీ ఎక్కుట చూచినవారికి సగము సంగతి తెలిసియే యుండును. ఒడ్డు కదలదు, పంటు కదలును. రెంటికి నడుమ వేసిన పలక, పోటులో ఒక వాలున, ఆటులో మరియొక వాలున నిలుచును. నార్మండీలో ఆటుపోటుల వ్యత్యాసము 20 అడుగులకు మించును. తీరము వాలు మిక్కిలి తక్కువ గనుక, ఓడ ఆగుటకు చాలిన లోతు కావలెనన్న ఒడ్డునుండి అర మైలు దూరము పోవలెను. ఆ దూరమంతయు ఇంగ్లండులో ముక్కలుగా తయారుచేసి, ఇంగ్లీషు ఛానెల్ దాటించి, శత్రువు కాల్చుచుండగా కొలది దినములలో అమర్చవలెను.

1942 మే 30వ తేదీన చర్చిల్ మౌంట్‌బాటన్‌కు పంపిన చిన్న ఉత్తరువు ఒకటి కలదు. రేవు ఆటుపోటులతో పాటు లేచి దిగవలెననియు, లంగరుల సమస్యను జయించి తీరవలెననియు దాని సారము. ఇంజనీరు కానివాడు వ్రాసిన నిర్దేశములలో ఇంత చక్కనిది నేను చూడలేదు. ఎంత పొడవు, ఎంత వెడల్పు అని అడుగక, కట్టడము చేయవలసిన పని ఏదో, విఫలమగు చోటు ఏదో రెండు మాటలలో చూపినది. రెండవ మాటను అందరును సమానముగా పట్టించుకొనలేదని తరువాత తెలియును.

1943లో స్కాట్లండునందలి గార్లీస్టన్ వద్ద మూడు నమూనాలను సముద్రములో దింపి పరీక్షించిరి.

మొదటిది ఐయోరిస్ హ్యూస్ అను వెల్ష్ ఇంజనీరుది. అడుగున కూర్చుండు కాంక్రీటు దిమ్మెలు, వానిపై ఉక్కు వంతెనలు. ఇది భూమిపై వంతెన కట్టు బుద్ధిని సముద్రములోనికి తెచ్చుట. దిమ్మెల మొదట నీరు సుడి తిరిగి ఇసుకను కోసివేసినది. వర్షాకాలమున మన వాగులలో వంతెన కాళ్ళ క్రింద గుంటలు పడుట చూచుచున్నాము గదా, అదియే ఇది.

రెండవది రోనాల్డ్ హామిల్టన్ కల్పించినది. నీరు పట్టని కేన్వాసు గుడ్డకు బద్దలు కూర్చి, చాపవలె చుట్టి తెచ్చి, నీటిపై పరచి రెండు చివరల బిగలాగుట. బరువు పడినచోట గుడ్డ క్రిందికి దిగి, అంచులు లేచి, తానే పడవ యగును. మూడింటిలో అత్యంత తేలికైనది ఇదే. ఊహ ఎంతో ముచ్చటైనది గాని 7 టన్నులను మించి మోయలేకపోయెను, సముద్రము కలత చెందినపుడు అదియును కష్టమాయెను. తేలికదనమునే లక్ష్యముగా పెట్టుకొన్నవారు ఈ నమూనా ముందు ఒక్క నిమిషము ఆగవలెను.

మూడవది యుద్ధశాఖలో పనిచేసిన అలన్ బెకెట్ రచించినది. 80 అడుగుల (సుమారు 24 మీటర్ల) ఉక్కు వంతెన ముక్కలు, ఒక్కొక్కటి 28 టన్నులు. ప్రతి రెండు ముక్కల కూడలి క్రింద ‘బీటిల్’ అను తేలుపెట్టె ఒకటి. చూచుటకు విశేషమేమియు లేదు. తుఫానులో నిలిచినది మాత్రము ఇదే.

ఎందుకు నిలిచినది? మన ఇండ్లలోని నులకమంచము ఇందుకు సమాధానము చెప్పును. ఎగుడుదిగుడు నేల మీద బరువైన టేకు బల్ల వేయుడు. మూడు కాళ్ళు ఆనును, నాల్గవది గాలిలో నుండును, బల్ల ఊగును. అదే నేల మీద నులకమంచము వేయుడు. పట్టెలు, కోళ్ళు కలియుచోట కొంచెము లొంగి, నాలుగు కోళ్ళును నేలను తాకును. బెకెట్ వంతెన ముక్క ఒక నులకమంచము. దాని ఇరుప్రక్కల దూలములు నిలువు బరువునకు గట్టివి. కాని ఆ రెంటిని కలుపు అడ్డు కట్టు బిగించిన పెట్టె కాదు. మెలి పెట్టినచో మెలి తిరుగును. చివరల ఆనికలు గుండ్రని కీళ్ళు. ఒక తేలుపెట్టె ఎడమకు, దాని ప్రక్కది కుడికి ఒరిగినను ముక్క మెలి తిరిగి నాలుగు మూలలను ఆనియుండును.

విద్యార్థులు ఇచ్చట చిన్న లెక్క వేయవచ్చును. 28 టన్నుల ముక్కపై నడిమధ్య 25 టన్నుల బండి యున్నదనుకొందము. మొత్తము 53 టన్నులు. నాలుగు మూలలు ఆనినచో మూలకు 13 టన్నులకు కొంచెము పైన. ముక్క మెలి తిరుగని బిగువుది ఐనచో, ఒక మూల లేవగానే భారమంతయు ఎదురెదురు మూలలు రెంటిపై పడును. అనగా మూలకు 26 టన్నులకు పైన. దానిని తాళుటకు ఉక్కు పెంచవలెను. ఉక్కు పెరిగిన ముక్క బరువెక్కును. బరువెక్కిన ముక్కకు పెద్ద తేలుపెట్టె కావలెను. ఆర్కిమెడీసు సూత్రము ప్రకారము ఒక్కొక్క టన్నునకు దాదాపు ఒక ఘనపు మీటరు సముద్రపు నీటిని తొలగించవలెను గదా. పెట్టె పెద్దదైనకొలది అలతాకిడి పెరుగును, లంగరుపై లాగుడు పెరుగును. ఈ గొలుసునంతటిని బెకెట్ మొదటి కొక్కెము వద్దనే త్రెంచెను. ఆయన వంతెనకు తేలికదనము పలుచని రేకుల వలన వచ్చినది కాదు, లొంగుట వలన వచ్చినది.

తేలుపెట్టెలను గూర్చి ఇంతటి మెప్పు ఇవ్వజాలను. ఉక్కు కొరత వలన వానిలో ఎక్కువ భాగము పలుచని గోడల కాంక్రీటుతో చేసిరి. నీటిలో తేలుచున్నంతసేపు అవి చక్కగా పనిచేసినవి. ఆటులో రాతినేలపై కూర్చుండవలసి వచ్చినచో పగులును. ఆ చోటులకు ఉక్కు పెట్టెలు తప్పలేదు. ఆరేసి ముక్కలను కట్టి 480 అడుగుల వరుసలుగా ఛానెల్‌లో లాగుకొని పోవునపుడు కొన్ని దారిలోనే మునిగినవి. నిలిపిన తరువాతి అలలకు ఇచ్చిన ఆలోచన, లాగుకొనిపోవునప్పటి అలలకు చాలినంత ఇయ్యలేదనుట న్యాయము. ముందుగా తయారుచేసి తెచ్చు ఏ కట్టడమునకైనను ప్రయాణమే మొదటి పరీక్ష.

వంతెన చివర, ఓడ ప్రక్కన, నిలువు కాళ్ళ వేదిక యుండెను. ఇది తేలు రేవునకు, స్తంభముల రేవునకు నడిమి జాతి. 200 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పుగల ఉక్కు పడవ. నాలుగు మూలల సుమారు 90 అడుగుల కాళ్ళు సముద్రపుటడుగున నిలుచును. విద్యుత్ మరలతో పడవ ఆ కాళ్ళ వెంట పైకి క్రిందికి జరుగును. బరువునంతటిని కాళ్ళు మోయవు. పడవను నీటినుండి కొంచెమే ఎత్తిపట్టి అలకు ఊగకుండ చేయును. నీరు మోయును, కాళ్ళు పట్టుకొనును. లోబ్నిట్జ్ అను స్కాట్లండు కంపెనీ బహామా దీవుల కొరకు అంతకు ముందే కట్టిన పూడిక తీయు ఓడనుండి ఈ పద్ధతిని గ్రహించిరి. పాత పనిముట్టులోని సుగుణమును గుర్తించుట క్రొత్తది కల్పించుటకంటె తక్కువ ప్రతిభ కాదు.

ఇక లంగరులు. బెకెట్ వంతెనతో పాటు గాలిపటము ఆకారపు లంగరు నొకదానిని కూడ రచించెను. బరువుతో పట్టునది కాదు. లాగినకొలది ఇసుకలోనికి లోతుగా దిగును. చిన్న పడవలు దీనిని మోసికొనిపోయి వేయగలవు గనుక ఇదియును తేలికదనపు పాఠమే.

1944 జూన్ 19న మొదలైన తుఫాను మూడు దినములు వీచెను. ఎనిమిది సెకనులకు ఒక అల చొప్పున లెక్కించినను, దినమునకు 10,800 సారులు ప్రతి కీలు మెలి తిరిగి విప్పుకొనవలెను. సెయింట్ లారెంట్ వద్ద అమెరికనులు అమర్చిన రేవు బాగుచేయ వీలులేనంతగా నాశనమాయెను. ఆరొమాంష్ వద్ద బ్రిటిషువారిది దెబ్బతిన్నను నిలిచెను. ముక్కలు రెండుచోటుల ఒకే నమూనావి. తేడా ఎచ్చట? అమెరికను రేవున్న చోట సముద్రము ఎక్కువ బహిరంగము. వెలుపల కట్టిన ఉక్కు తేలుగోడలు త్రెగి వచ్చి లోపలి కట్టడములను మోదినవి. అదుపు తప్పిన పడవలు వంతెనను గ్రుద్దినవి. వీనితో పాటు, అచ్చట వంతెనను త్వరగా అమర్చుటలో లంగరులను తగినంత వేయలేదని పలువురు వ్రాసిరి. ఏ కారణమునకు ఎంత వాటా యన్నది తూచుట కష్టము గాని, 1942 నాటి ఉత్తరువులోని రెండవ మాట ఇచ్చట గుర్తుకు రాక మానదు.

వెంటనే మరియొక విమర్శను ఎదుర్కొనవలెను. రేవు పోయిన తరువాత అమెరికనులు పెద్ద దింపుడు ఓడలను ఆటులో నేరుగా ఇసుకపై కూర్చుండబెట్టి, రేవునకు అనుకొన్న లెక్కను మించిన సరకును దింపుకొనిరి. మరి ఇంత కాంక్రీటు, ఇంత ఉక్కు, ఇంతమంది పనివారి శ్రమ దండుగయేనా? ఫీనిక్సు గోడను పొగడువారు ఈ ప్రశ్నను దాటవేయుదురు; అది వారి లోపము. నా అభిప్రాయమున ప్రశ్న న్యాయమైనది, కాని సమాధానము పూర్తిగా ‘దండుగ’ కాదు. ఇసుకపై ఓడను కూర్చుండబెట్టుట వేసవి సముద్రమున సాగును. మూడు నెలల కొరకు ఉద్దేశించిన ఆరొమాంష్ రేవు శరదృతువు వరకు పనిచేసెను. ఆంట్వెర్ప్ రేవు నవంబరు చివర తెరువబడు వరకు ఆ ధీమా సేనలకు అవసరమే. దానివలన కోట్ల టన్నులు దిగినట్లు వ్రాయువారి మాట మాత్రము నమ్మదగినది కాదు.

యుద్ధానంతరము వేల్ ముక్కలను తీసికొనిపోయి, నార్మండీలో బాంబులకు కూలిన వంతెనల స్థానమున నదులపై వేసిరి. కదలని రాతికాళ్ళపై మెలి తిరుగవలసిన పని లేకున్నను అవి ఏండ్ల తరబడి బండ్లను మోసినవి.

ఇప్పుడు మన తీరములకు వత్తము. నేటి తేలు రేవులలో పెక్కు ప్లాస్టిక్ డబ్బాలతో కూర్చబడుచున్నవి. సాధారణపు డబ్బా 50 సెంటీమీటర్ల చదరము, 40 సెంటీమీటర్ల ఎత్తు. ఒక మనిషి ఒక చేత ఎత్తగలడు. చదరపు మీటరునకు నాలుగు డబ్బాలు, అనగా 400 లీటర్లు. తమ బరువు పోగా 350 కిలోలకు పైగా మోయును. చెరువులకు, జలాశయములకు ఇంతకంటె అనువైనది లేదు. కాని చదరపు మీటరున ఐదుగురు గుమికూడినచో ఆ హద్దు దాదాపు ముగిసినట్లే. కూర్చినవాడు ఈ లెక్క చెప్పడు, ఎక్కువాడు అడుగడు. ఇక ఆ డబ్బాలనే అలలు విరుగుచోట సముద్రములో వేసినపుడు ప్రశ్న వేరగును. అచ్చట నీరు లేచి దిగుటయే కాక ముందునకు ఉరుకును. వరుసనంతటిని పట్టి లాగును. 2024 ఫిబ్రవరిలో విశాఖపట్టణపు రామకృష్ణ బీచిలో ఇట్టి తేలు వంతెనను తెరచిన మరునాడే దాని కొస వేదిక విడిగా కనబడినది. పరీక్ష కొరకు తామే విడదీసితిమని అధికారులు ప్రకటించిరి. మరుసటి నెల కేరళలోని వర్కలలో అట్టి వంతెనపైనుండి సందర్శకులు అలలలో పడి పలువురు గాయపడిరి. ఈ రెంటి కారణములు ఒకటేయని నేననను. కాని బెకెట్ వంతెన సైతము విరుగు అలలలో ఒంటరిగా నిలుచుటకు రచింపబడినది కాదు. దాని ముందు ఫీనిక్సు గోడ యున్నది. డబ్బాలను కొని గోడను మరచితిమి.

పాఠశాలలో దీనిని చూపుటకు దళసరి కాగితము, జిగురు చాలును. కాగితమును గొట్టముగా చుట్టి అంచు అంటింపుడు. రెండు చేతులతో మెలి పెట్టుడు, లొంగదు. కత్తితో పొడవునా ఒక చీలిక కోసి మరల మెలి పెట్టుడు, వ్రేళ్ళతోనే తిరిగిపోవును. పిమ్మట రెండు చివరలను రెండు పుస్తకములపై ఆనించి నడుమ కొన్ని నాణెములు పెట్టి, చీలికకు ముందును తరువాతను ఎంత వంగినదో కొలువుడు. చీలికను ప్రక్కకు, పైకి, క్రిందికి త్రిప్పి కొలిచినచో ఫలితము మారును. ఎందుకు మారినదో పిల్లలనే చెప్పనీయుడు.