దిక్కులేని చోట అగస్త్యుడు

1968 డిసెంబరు. చంద్రుడి చుట్టూ పది చుట్లు తిరిగిన అపోలో-8 ఇంటిముఖం పట్టింది. నిద్రలేక అలసిన వ్యోమగామి జిమ్ లోవెల్ ఒకటో నంబరు నక్షత్రాన్ని ఎంచుకోబోయి, కంప్యూటర్లో ఒకటో నంబరు ప్రోగ్రాం నొక్కేశారు. భూమికి లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న నౌక, తానింకా ఫ్లోరిడాలో ప్రయోగవేదిక మీదే ఉన్నాననుకుంది.

నౌక దారి తప్పలేదు. తన మొహం ఎటుందో మరిచిపోయింది, అంతే.

రోదసిలో ఈ రెండూ వేర్వేరు సంగతులు. రోడ్డు మీద కారు మొహం ఎటుంటే అటే పోతుంది. రోదసి నౌక పక్కకు తిరిగినా, తలకిందులైనా పాత దారినే సాగుతుంది. కానీ ఇంజను మండించాలన్నా, వేడిని తట్టుకునే కవచాన్ని ముందుంచి వాతావరణంలోకి దిగాలన్నా మొహం సంగతి కచ్చితంగా తెలియాలి. గైరోస్కోపులు దాన్ని గుర్తుంచుకుంటాయి గానీ, వాటి జ్ఞాపకం మెల్లగా జారుతుంది. మళ్లీ సరిదిద్దేవి నక్షత్రాలే.

ఒక్క నక్షత్రం చాలదు. ఒకే మేకుతో గోడకు కొట్టిన పటం గిర్రున తిరుగుతుంది. రెండో మేకు పడితేనే నిలుస్తుంది. లోవెల్ రైజెల్‌నూ, మృగవ్యాధుడనే సిరియస్‌నూ పట్టుకుని నౌకకు మళ్లీ దిక్కు చూపించారు. పదహారు నెలల తర్వాత, అదే లోవెల్ నడిపిన అపోలో-13లో పేలుడు జరిగి, ఆ తునకలు చుట్టూ మిలమిలలాడుతూ చుక్కల్ని గుర్తుపట్టనివ్వలేదు. అప్పుడు సూర్యుణ్ని చూసి సరిచూసుకున్నారు.

మనుషుల్లేని నౌకలదీ ఇదే విద్య. 1964లో అంగారకుడి వైపు బయల్దేరిన మారినర్-4 ఒక కన్ను సూర్యుడి మీద, ఇంకో కన్ను కనోపస్ మీద నిలిపింది. కనోపస్ అంటే మన అగస్త్యుడే. రాత్రి ఆకాశంలో కాంతికి రెండో స్థానం ఆ నక్షత్రానిది. పైగా సూర్యుడు నడిచే బాటకు బాగా దక్షిణాన, ఎడంగా ఉంటుంది. రెండో మేకుకు అంతకన్నా మంచి చోటు దొరకదు.

శ్రీహరికోట నుంచి 2008లో వెళ్లిన చంద్రయాన్-1కు నక్షత్రాల్ని చూసే సెన్సార్లు మధ్యలోనే పాడయ్యాయి. ఇస్రో ఇంజనీర్లు గైరోస్కోపులతో, యాంటెన్నా గురి లెక్కలతో, చంద్రతలం ఫొటోలతో దాన్ని నిలబెట్టుకొచ్చారు. ఆ పనితనం ప్రయోగం రోజు చప్పట్ల కంటే ఎక్కువ గౌరవానికి తగింది.

ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిదింటికి మేడెక్కి దక్షిణానికి తిరగండి. సిరియస్‌కు బాగా దిగువన, దిగంతానికి కాస్త పైన ఒంటరిగా వెలిగేదే అగస్త్యుడు.