‘ఏడు తరాలు’: ఇరువురు కథకులు

నల్లజాతివారి సాహిత్యములో తెలుగువారికి మిక్కిలి పరిచితమైన గ్రంథములలో అలెక్స్ హేలీ రచించిన ‘రూట్స్’ యొకటి. 1976లో అమెరికాలో వెలువడిన యీ గ్రంథమును సహవాసి సంక్షిప్తముగా తెనిగింపగా, 1980లో హైదరాబాదు బుక్ ట్రస్టువారు ‘ఏడు తరాలు’ అను పేర ప్రకటించిరి. పుట్టినయూరిని విడిచి బొగ్గుగనుల తావైన దుర్గాపూరునకు వచ్చిన తెలుగువారు దీనిని కన్నీటితో చదువుట సహజమే. అయినను ఈ గ్రంథమునకు ప్రాణము అందలి దైన్యవర్ణనమున కంటె కథాకథనమున నున్నదని నా యభిప్రాయము.

ఇందు కథకులు ఇరువురు. మొదటిది హేలీ అమ్మమ్మ. టెనెస్సీ రాష్ట్రమున హెనింగ్ అను చిన్నయూర, ఇంటి వసారాలో ఆమెయు, ఆమె యక్కచెల్లెండ్రును తమ పూర్వుడైన ‘ఆఫ్రికను’ కథ చెప్పుకొనెడివారు. వాని నోట పలికిన ‘కో’, ‘కాంబీ బొలోంగో’ వంటి మాటలు అర్థము తెలియకయే వారి నాలుకలపై నిలిచినవి. ఆ మాటల జాడ పట్టుకొనియే హేలీ గాంబియా దేశము చేరెను. అచ్చట జుఫూరే గ్రామమున కింటే వంశచరిత్రమును వినిపించిన గ్రియో రెండవ కథకుడు. గ్రియో లనగా వంశావళులను కంఠస్థముగా గానము చేయువారు.

ఈ వ్యవస్థ మనకు క్రొత్తది కాదు. పద్మశాలీలకు కూనపులివారు పటము విప్పి కథ చెప్పుదురు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణము వినిపింతురు. ఒకప్పుడు గోండు రాజులేలిన ఈ చంద్రపూరు సీమయందును, పొరుగున ఆదిలాబాదునందును, పరధానులు కిక్రి వాయించుచు గోండుల వంశగాథలు పాడుదురు. కావున జుఫూరే ఘట్టము మనకు వ్యాఖ్యాన మక్కరలేనిది.

కాని ఆశ్రితుడైన కథకుడు వినువాని కోరికను గుర్తెరిగి కథ చెప్పునన్న మాటయు మన మెరిగినదే. హేలీ విషయమునను అట్లే జరిగినదని 1981లో చరిత్రకారులు సందేహించిరి. వర్జీనియా దస్తావేజులు కొన్నితావుల కథతో పొసగవనియు చూపిరి. అంతకు ముందే, తన ‘ది ఆఫ్రికన్’ నవలనుండి భాగములు గ్రహింపబడినవని హెరాల్డ్ కూర్లాండర్ తెచ్చిన వ్యాజ్యము 1978లో రాజీతో ముగిసినది. మన సభలలో ఈ గ్రంథమును పొగడువారు ఈ సంగతులను దాటవేయుదురు. దాచనక్కరలేదు. దీనిని చరిత్రగా గాక పురాణముగా చదివినచో దాని బలము తగ్గదు. గ్రియో వాక్యమును ఎంత శంకించినను, వసారాలోని ముదుసలుల జ్ఞాపకమునకు గల విలువ చెడదు. ఆమెకు ఆశ్రయమిచ్చిన ప్రభువు లేడు. ఇచ్చకములాడ నవసరమును లేదు.

మహారాష్ట్రమున ఈ సాహిత్యమును చదివిన తీరు వేరు. జ్యోతిరావు ఫూలే 1873లోనే తన ‘గులామ్‌గిరీ’ని, బానిసత్వమును తొలగించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చెను. 1972లో బొంబాయి యువకవులు అమెరికా నల్లచిరుతల పేరునే గ్రహించి దళిత పాంథర్ సంస్థను స్థాపించిరి. 1956 అక్టోబరు 16న అంబేద్కరు బౌద్ధదీక్ష లిచ్చిన చంద్రపూరు మన కనతిదూరముననే యున్నది. వీరికి నల్లజాతి కథ అద్దము వంటిది. మనలో పలువురికి అది జాలికథగనే మిగిలినది. కుంటా కింటేకు ‘టోబీ’ యను పేరు పెట్టుట చూచి వగచువారు, మన పల్లెలలో వెట్టివానిని తల్లిదండ్రులిడిన పేరుతో పిలువని దొరతనమును తలపోయరేల?

అనువాదమును గూర్చి యొక మాట. సహవాసి తెనుగు సరళము, వేగవంతము. బిగ్గరగ చదువుటకు అనువైనది. కాని మూలమున కుంటా బందీ యగువరకు సుమారు 30 అధ్యాయములు జుఫూరే పల్లెజీవనమే నడచును. వానకాలపు ఆకలి, పెద్దల బోధలు, బాలుర పశుపాలనము అందు తీరికగా వర్ణితములు. ఆ తీరిక సంక్షేపమున తగ్గినది. బానిసకు ముందు మనుష్యు డుండెనని పాఠకునకు తెలుపు భాగమే అది. పూర్ణానువాద మొకటి వెలువడినచో, దుర్గాపూరు తెలుగు ఇండ్లలో రాత్రివేళ కొన్ని పుటల చొప్పున అమ్మమ్మలచే చదివింప దగును. మరాఠీ బడులకు పోవు మనుమలకు తెలుగు వినుట కదియు నొక తరుణ మగును.