సైబర్‌పంక్ కథలు – మన ‘కల్కి’

యంత్రములు పెరిగినకొలది మానవుని కష్టములు తరుగునని విజ్ఞాన కల్పనా కథలు అనేకము చెప్పినవి. అట్లు తప్పక జరుగునా అని సందేహించిన కథాశాఖలలో ‘సైబర్‌పంక్’ ఒకటి. ఇందలి మొదటి ముక్క 1948లో నార్బర్ట్ వీనర్ గ్రంథమువలన ప్రచారములోనికి వచ్చిన ‘సైబర్నెటిక్స్’ నుండి పుట్టినది. జీవులలోను యంత్రములలోను సమాచారము, అదుపు ఎట్లు నడచునో తెలుపు శాస్త్రమది. పంక్ అనగా కట్టుబాట్లను ధిక్కరించు కుర్రకారు. ఈ రెండింటిని జోడించి బ్రూస్ బెత్కీ తన కథకు పేరు పెట్టెను. అది 1983లో అచ్చైనది. మరుసటి ఏట వెలువడిన విలియం గిబ్సన్ నవల ‘న్యూరోమాన్సర్’తో ఈ శాఖ స్థిరపడినది.

పైన వైభవము, క్రింద దైన్యము అను నగరచిత్రము 1927 నాటి ‘మెట్రోపోలిస్’ చలనచిత్రములోనే కలదు. సైబర్‌పంక్ దానికి ఒక భయమును చేర్చినది: యంత్రము మన శరీరములోనికే వచ్చును, కాని దాని యజమాని వేరొకడు.

తెలుగున దీనికి దగ్గరగా వచ్చిన పెద్ద ప్రయత్నము 2024లో విడుదలైన నాగ్ అశ్విన్ చిత్రము ‘కల్కి 2898 ఏడీ’. క్రింద ఎండిన గంగ, కాశీ. పైన ఆకాశమున కాంప్లెక్స్. నీరు, పచ్చదనము పైవారి సొత్తు. అక్కడి ప్రయోగశాలకు స్త్రీల గర్భమే ముడిసరుకు. ఇంతవరకు ఇది మేలైన సైబర్‌పంక్. కాని అశ్వత్థామ, కర్ణుడు రంగమెక్కిన పిమ్మట చిక్కు విప్పు భారము పురాణముపై పడినది. నీటికి యజమాని ఎట్లు ఏర్పడెనను ప్రశ్న మరుగున పడినది.

ఈ ప్రశ్న పటాన్‌చెరు మండలములోని కర్దనూరు విద్యార్థికి దూరమైనది కాదు. పటాన్‌చెరు ప్రాంతపు మందుల కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధి చేయు కేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కలదని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ మందు వాడు రోగి రక్తములో సాధారణముగా ఉండు మోతాదు అంతకంటె చాల తక్కువ. ఇట్టి నీటిలో మందుకు లొంగని సూక్ష్మజీవులు ప్రబలగలవు. రోగము కుదిర్చిన శాస్త్రమే ఇక్కడి వాగును మార్చినది. లాభము ఒకచోట, మడ్డి మరొకచోట.

తెలుగు సైబర్‌పంక్‌కు దివ్యాస్త్రములకంటె ఇట్టి లెక్కలే ఎక్కువ అవసరము. ఉపాధ్యాయులు తరగతిలో ఈ చిత్రమును చర్చింపదలచినచో, కాంప్లెక్సుకు నీరు ఎక్కడినుండి వచ్చుచున్నదని విద్యార్థులను అడుగవచ్చును.