నమోదుకు నోచుకోనివారు: కెంట్ మాంక్‌మన్ చిత్రకళపై ఒక వేదాంత పరిశీలన

ఉపోద్ఘాతం

అమెరికా చిత్రకారుడు జార్జ్ క్యాట్లిన్ 1830లలో పశ్చిమ మైదానాలలో సంచరించి, అక్కడి ఆదివాసీ జాతుల జీవితాన్ని వందలాది చిత్రాలలో భద్రపరచాడు. బైసన్ దున్నలు, వాటిపై ఆధారపడిన ప్రజలు అంతరించిపోతారని భయపడి, వారి రక్షణకు ప్రభుత్వమే ఒక విశాలమైన ఉద్యానవనం ఏర్పాటు చేయాలని కోరాడు. సాక్, ఫాక్స్ జాతులవారు స్త్రీవేషంలో జీవించే ఒక పురుషుని చుట్టూ జరిపే నృత్యాన్ని కూడా ఆయన చిత్రించాడు. అయితే ఈ ఆచారం మరింత వివరంగా నమోదు కాకముందే నశించిపోతే మేలని తన గ్రంథంలో వ్రాశాడు. దున్న బ్రతకాలి, ఈ మనిషి మాత్రం మాసిపోవాలి! ఈ రెండు కోరికలూ ఒకే కలం నుండి ఎలా వచ్చాయన్నదే ఈ వ్యాసపు ప్రశ్న.

మాంక్‌మన్ ఇచ్చిన జవాబు

కెంట్ మాంక్‌మన్ (జననం 1965) కెనడాకు చెందిన క్రీ జాతీయుడు. క్రైస్తవ సేవలో ఉన్న కుటుంబంలో పెరిగాడు. వలసకాలపు చిత్రకారుల ప్రకృతి దృశ్యాలను వారి శైలిలోనే తిరిగి గీసి, వాటిలోకి మిస్ చీఫ్ ఈగల్ టెస్టికల్ అనే పాత్రను ప్రవేశపెడతాడు. ఎత్తు మడమల చెప్పులు ధరించే ఈ పాత్ర చిత్రకారుని మారురూపం. పేరులోనే 'మిస్చీఫ్' అనే కొంటెతనం దాగి ఉంది. మిస్ చీఫ్ 'టూ స్పిరిట్' వ్యక్తి. యూరోపియన్లు అంటగట్టిన అవమానకరమైన పేరును నిరాకరించి, ఆదివాసులే 1990లో విన్నిపెగ్ సమీపాన జరిగిన సమావేశంలో ఈ పదాన్ని స్వీకరించారు.

2008లో మాంక్‌మన్ క్యాట్లిన్ చిత్రించిన నృత్యాన్ని వీడియో కళాకృతిగా మలచి, దున్నచర్మాల ఆకారంలో ఉన్న తెరలపై ప్రదర్శించాడు. క్యాట్లిన్ కాపాడదలచినదీ, మరుగుపరచదలచినదీ ఆ తెరలపై ఒక్కటయ్యాయి.

దున్నలు, డైనోసార్లు

కోట్ల సంఖ్యలో ఉన్న బైసన్ దున్నలు 1889 నాటికి సుమారు వెయ్యికి పడిపోయాయి. తోళ్ళ వ్యాపారం, రైలుమార్గాలు, ఆదివాసులను ఆకలితో లొంగదీయాలన్న ఆలోచన ఇందుకు కారణాలు. ఎముకలను కూడా ఏరి కర్మాగారాలకు పంపారు. 2015లో టొరంటోలోని గార్డినర్ మ్యూజియంలో మాంక్‌మన్ ఏర్పాటు చేసిన 'ది రైజ్ అండ్ ఫాల్ ఆఫ్ సివిలైజేషన్'లో దున్నలు కొండచరియ మీదినుండి పడుతూ క్రింద పింగాణీ పెంకులవుతాయి. చరియపైన మిస్ చీఫ్ నిలిచి ఉంటుంది.

2022-23లో రాయల్ ఒంటారియో మ్యూజియంలో జరిగిన 'బీయింగ్ లెజెండరీ' ప్రదర్శనలో మిస్ చీఫ్ డైనోసార్ల మధ్య కనిపిస్తుంది. ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. డైనోసార్లు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం అంతరించాయి. వాటిని ఏ వలసప్రభువూ చంపలేదు. అణచివేతకు గురైన సజీవ ప్రజలను శిలాజాల ప్రక్కన నిలబెడితే, వారు గతకాలపు మనుషులే అన్న పాత అపోహ బలపడవచ్చు. అయితే ప్రదర్శన చివరిలో సమకాలీన ఆదివాసుల చిత్తరువులను ఉంచడం ద్వారా మాంక్‌మన్ ఈ ప్రమాదాన్ని చాలావరకు తప్పించుకున్నాడు.

సంఘము ఎదుట అద్దము

కాపరులను ఎక్కువగా కలవరపరచవలసిన చిత్రం 'ది స్క్రీమ్' (2017). ఎర్రకోటు పోలీసులు, గురువులు, సన్యాసినులు తల్లుల చేతులలోనుండి పిల్లలను లాక్కుపోతుంటారు. కెనడాలో సంఘాలు నడిపిన వసతి పాఠశాలలలో లక్షా యాభైవేలకు పైగా ఆదివాసీ పిల్లలను చేర్చారు. వారి భాషతోపాటు, స్త్రీ పురుషులను గూర్చిన వారి జాతి అవగాహనను కూడా తుడిచివేయడానికి ప్రయత్నం జరిగింది. పోప్ ఫ్రాన్సిస్ 2022లో అక్కడికి వెళ్ళి క్షమాపణ కోరారు.

ఇది పరాయిదేశపు సంగతి అని మనం తప్పించుకోలేము. 1871 నాటి బ్రిటీష్ చట్టం ఉత్తర భారతంలో హిజ్రాల పేర్లను పోలీసు రిజిస్టరులోకి ఎక్కించింది. అదే బాటలో నిజాం రాజ్యం 1919లో చేసిన చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో గాని కొట్టివేయలేదు. క్యాట్లిన్ నమోదు చేయకుండా చెరపాలనుకున్నాడు. ఈ చట్టాలు నమోదు చేసి వేటాడాయి.

ముగింపు

వాక్యములో మరొక నమోదు ఉన్నది. ఆదికాండము 9:9-10లో దేవుని నిబంధన నోవహు కుటుంబముతోపాటు సమస్త జీవరాశితో జరిగింది. యెషయా 56:3-5లో మందిరము వెలుపల నిలిచిన షండునికి కొట్టివేయబడని పేరు వాగ్దానము చేయబడింది. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు ఆ యెషయా గ్రంథమునే చదువుతూ బాప్తిస్మమునకు వచ్చాడు. లైంగికతను గూర్చి మన సంఘాలలో ఏకాభిప్రాయము లేదు. ఈ వ్యాసం ఆ వివాదాన్ని తీర్చబూనుకోదు. మాంక్‌మన్ పరిహాసంలోని నగ్నత్వం మనలో అనేకులకు మింగుడుపడదు. అయినా ఒక మనిషి లేకుండా పోతే బాగుండునని కోరుకొనే అధికారం క్యాట్లిన్‌కు లేదు, ప్రసంగ పీఠము మీద నిలిచిన మనకూ లేదు. పీఠము దిగి, వెనుక బల్లమీద కూర్చున్నవారి పేరు అడిగి తెలుసుకొనుటతో మన పరిచర్య మొదలుకావాలి.